ధర చెప్పు విద్య: ఒక అమెరికా కంపెనీ కథ, మన సంఘముల లెక్క

ఏ సరుకును నేయక, ఏ సరుకును పోతపోయక, ఇతరులు తమ సరుకునకు ధర చెప్పుటలో సాయపడుటయే పనిగా పెట్టుకొన్న ఒక చిన్న కంపెనీ కొద్ది సంవత్సరములలోనే 36 కోట్ల డాలర్ల వెలకు చేతులు మారినది. దాని పేరు స్టీల్‌బ్రిక్. ఉక్కుతో గాని ఇటుకతో గాని దానికి సంబంధము లేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి సాన్ మేటియో పట్టణము దాని నెలవు. కొనినవారు సేల్స్‌ఫోర్స్ అను పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీవారు. ఒప్పందము 2015 డిసెంబరులో ప్రకటించినారు, 2016 ఫిబ్రవరిలో ముగించినారు.

దీనితో మనకేమి పని అని సభ్యులు అడుగవచ్చును. పని ఉన్నది. ఆ కంపెనీవారు చేతికి తీసుకొన్న చిక్కు మన సంఘము గదిలో దినదినమును ఎదురగుచున్నదే. కొనువాడు వచ్చి, "ఈ రకములో యాబది చీరెలు కావాలి, అంచు కొంచెము వెడల్పు చేయండి, నూలు నూరవ నంబరు వేయండి, ఏమి పడుతుంది?" అని అడుగును. దానికి జవాబు మన సంఘములలో ఎక్కడ ఉన్నది? కొంత కార్యదర్శి తలలో, కొంత అద్దకము చేయువాని నోట, కొంత పాత చిట్టాలో ఉన్నది. పైగా మనవారి సంగతి మరియొకటి. సోలాపూరులో బేరము మరాఠీలో జరుగును, కంచిలో తమిళములో, బరంపురములో ఒడియాలో, బెంగుళూరులో కన్నడములో. ఇంటి లెక్క మాత్రము పెద్దలు తెలుగులోనే వ్రాసినారు. ఆ పుస్తకము చదువగల పెద్దకు బేరము చేయు ఓపిక తగ్గినది, బేరము చేయు కుర్రవానికి ఆ పుస్తకము చదువరాదు. వాట్సాప్‌లో "రేటు?" అని అడిగినవానికి ఒక్క అంకె కొట్టి పంపుచున్నారు. ఆ అంకెలో ఏమేమి కలిసినవో పంపినవానికే తెలియదు.

అంకె తక్కువైనప్పుడు ఆ లోటు చివరకు ఎవరి వాటానుండి పోవుచున్నది? ఈ పాఠములో మేము విచారింపదలచినది ఇదియే. కంపెనీ కథ ముందు చెప్పుదుము, ఏలయన అందులో మనకు పనికివచ్చు పద్ధతి ఉన్నది.

తక్కువైన తీగ

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను అమెరికా కంపెనీ 1970ల చివర వాక్స్ అను పేరుగల కంప్యూటర్లను అమ్మెడిది. ఆ యంత్రము సంతలో కుండను ఎంచుకొనినట్లు కొనుటకు వీలైనది కాదు. పెట్టెలు, పలకలు, జ్ఞాపకపు భాగములు, వానిని కలుపు తీగలు, ఇట్లు ఒక్కొక ఆర్డరునకు ఎన్నో సామానులు కావలెను. ఈ పలక ఉన్నచో ఆ తీగ ఉండితీరవలెను, ఆ పెట్టెలో ఇన్నిటికి మించి పట్టవు అని నియమములు వందలకొలది. అమ్మకపు గుమాస్తా వానిలో ఒకటి మరచెనా, యంత్రము కొనుగోలుదారు ఇంటికి చేరిన తరువాత తీగ చాలదని తేలెడిది. మరల పంపుట కంపెనీ ఖర్చే.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున జాన్ మెక్‌డెర్మాట్ అను ఆయన 1978లో ఆ నియమములన్నిటిని ఒక ప్రోగ్రాముగా వ్రాయుటకు పూనుకొన్నారు. దానిని మొదట ఆర్-1 అనినారు, తరువాత ఎక్స్‌కాన్ అను పేరు వచ్చినది. 1980 నుండి ఆ కంపెనీలో దానిని వాడుకలోనికి తెచ్చినారు. అనుభవశాలి తలలో ఉన్నదానిని "ఇట్లున్నచో అట్లు" అని ఒక్కొక్క మాటగా విడదీసి వ్రాయుట, అంతే అందలి మర్మము. ఏటేట కోట్ల డాలర్లు మిగిలినవని అంచనా. అయితే నియమములు వందలనుండి వేలకు పెరిగినకొలది వానిని సరిచేయుచుండుటయే ఒక పెద్ద పని అయినది. ఈ రెండవ సంగతి చాలమంది చెప్పరు, మన సభ్యులు మాత్రము గుర్తుంచుకొనవలెను.

అక్కడినుండి ఇది ఒక వ్యాపారముగా మారినది. 1989లో జో లీమాండ్ అను స్టాన్‌ఫర్డ్ విద్యార్థి స్నేహితులతో కలిసి ట్రైలజీ అను కంపెనీ పెట్టినాడు, 1990లో పట్టా చేతికి రాకముందే చదువు మానినాడు. ఆ కంపెనీ టెక్సాస్ రాష్ట్రమందలి ఆస్టిన్‌కు తరలినది. 2000లో గోడార్డ్ ఏబెల్, క్రిస్ షట్స్ అను ఇరువురు బిగ్‌మెషీన్స్ అను మరియొక కంపెనీ ఆరంభించినారు. పేరునకు తగినట్లు అది మొదట యంత్రములు తయారుచేయు కార్ఖానాలకు ధరపత్రములు వ్రాయు సాఫ్ట్‌వేర్ అమ్మినది. దానిని ఒరాకిల్ కంపెనీ కొనుచున్నట్లు 2013 అక్టోబరులో ప్రకటన వచ్చినది.

ఇవన్నియు పెద్దవారికి పెద్దవారు అమ్మిన సరుకులు. అమర్చుటకు నెలలు పట్టెడివి, నిపుణుల కూలి వేరుగా ఉండెడిది. ఈ చోటనే స్టీల్‌బ్రిక్ వచ్చినది. మాక్స్ రడ్మన్ అను ఆయన దానిని స్థాపించినారు. చిన్న, మధ్యతరగతి కంపెనీలకు కూడ ఈ అవసరము ఉన్నదనియు, వారు నెలలకొలది కాచుకొని ఉండలేరనియు ఆయన కనిపెట్టినారు. ఆయన చేసిన తెలివైన పని ఒకటి ఉన్నది. కొత్త పుస్తకము తెరవలేదు. అమ్మకపు గుమాస్తాలు కొనుగోలుదారుల పేర్లు, బేరముల వివరములు వ్రాసుకొనుటకు అప్పటికే సేల్స్‌ఫోర్స్ సాఫ్ట్‌వేరును దినమంతయు తెరచి ఉంచెడివారు. రడ్మన్ తన ధరపత్రమును దానిలోపలనే అమర్చినారు. ఉన్న ఆవర్జాలో ఒక కొత్త పుట చేర్చినట్లు అనుకొనుడు. వేరుగా నేర్చుకొనవలసినది తక్కువ, వేరుగా వ్రాయవలసినది తక్కువ. కొన్ని వారములలోనే పనిలో పెట్టవచ్చునని చెప్పి అమ్మినారు. ఒక్కొక గుమాస్తాకు ఇంత అని చందా.

2014లో గోడార్డ్ ఏబెల్ ఈ చిన్న కంపెనీకి అధిపతిగా వచ్చినారు. తాను పెంచిన పెద్ద కంపెనీ ఒరాకిల్ చేతికి పోయిన మరుసటి ఏడే అది. పెద్దవారికి అమ్మిన అనుభవమును చిన్నవారికి అమ్ము పనిలో పెట్టినారు. 2015లో బిల్లులు వ్రాయు సాఫ్ట్‌వేర్ చేసిన ఇన్వాయిస్ ఐటి అను కంపెనీని కలుపుకొన్నారు. అందువలన ధర చెప్పిన కాగితమునుండి డబ్బు వచ్చినదాక ఒకే వరుసగా నడచినది. ఆ ఏడు చివరనే సేల్స్‌ఫోర్స్ వారు కొనిరి.

నూలు లెక్క మొదటి మెట్టు

ఈ సాఫ్ట్‌వేర్ చేయు పని మూడు మెట్లు. సరుకు ఏ ఏ భాగములతో అమరునో తేల్చుట, దానికి ధర కట్టుట, ఆ ధరను పత్రముగా వ్రాసి ఇచ్చుట. ఆంగ్లములోని మూడు మాటల మొదటి అక్షరములు కలిపి దీనిని సి.పి.క్యు. అందురు.

మొదటి మెట్టు మన నేతలో ఎప్పటినుండియో ఉన్నది. నూలు నంబరు అనగా ఏమి? ఒక పౌను తూకములో 840 గజముల చిలపలు ఎన్ని వచ్చునో ఆ సంఖ్య. కాబట్టి రకము తెలిసినచో నూలు తూకము లెక్కకు వచ్చును. ఒక నూలు చీరె తీసుకొందము. పన్నెలో వెడల్పు 46 అంగుళములు, అంగుళమునకు పడుగు పోగులు 72. మొత్తము పోగులు 3,312. ఒక చీరెకు తరుగుతో కూడ పడుగు పొడవు ఆరుంబావు గజములు అనుకొన్నచో 20,700 గజములు, అనగా సుమారు 24.6 చిలపలు. పేక అంగుళమునకు 68, చీరె పొడవు 6 గజములు, ఒక్కొక పేకకు 48 అంగుళముల నూలు. అది 19,584 గజములు, అనగా 23.3 చిలపలు. రెండును కలిపి సుమారు 48 చిలపలు. 80వ నంబరు నూలైనచో 272 గ్రాములు. కొనువాడు 100వ నంబరు అడిగినచో 218 గ్రాములు.

చూడుడు, నూలు తూకము తగ్గినది. ఇది చూచి కుర్రవాడు ధర తగ్గునని అనుకొనును. నంబరు పెరిగినకొలది కిలో నూలు ధర పెరుగును. సన్న నూలు తెగును, అతుకులు పెరుగును, మగ్గము నిదానించును. పోగు సన్నమైనది గనుక గుడ్డ పలుచన కాకుండుటకు అంగుళమునకు పోగులు పెంచవలసి వచ్చును, అప్పుడు ఆసు పనియు పెరుగును. ఒక్క నంబరు మార్చిన నాలుగు చోట్ల లెక్క మారినది. స్టీల్‌బ్రిక్ వంటి సాఫ్ట్‌వేరులో దీనినే నియమముగా వ్రాసి ఉంచుదురు: ఇది మారినచో ఇవి కూడ మార్చనిదే పత్రము ముందుకు సాగదు. మన ముసలివారు దీనిని చూపుతోనే చెప్పుదురు. వారు చెప్పుచుండగనే వ్రాసుకొనినవారు ఎందరు?

ముదరా ఎవరి వాటా

రెండవ మెట్టు ధర. ఇక్కడ సభ్యులు కొంచెము ఓపికతో చదువవలెను, ఎందుకనగా మన సంఘములకు నష్టము వచ్చునది ఇక్కడనే.

లెక్క కొరకు అనుకొన్న అంకెలు మాత్రమే ఇవి, ఏ ఊరి ధరలును కావు. ఒక చీరెకు నూలు, రంగు కలిపి 420 రూపాయలు. జరీ 300. ఆసు పోయుట, సరి చేయుట, కండెలు చుట్టుట, అచ్చు అతుకుట, ఇవన్నియు కలిపి 180. నేత మజూరీ 700. సంఘము ఖర్చులు 100. అసలు ఖరీదు 1,700. అమ్మకపు ధర 2,000. మిగులు 300.

కొనువాడు నూటికి పది ముదరా అడుగును. "పదియే కదా" అని ఇత్తుము. ధరలో పది శాతము 200 రూపాయలు. మన 300 మిగులులో మూడింట రెండు వంతులు పోయినవి. పదునైదు శాతము ఇచ్చినచో మిగులు సున్న. ఇంకొక పొరపాటు సోదరులలో తరచుగా వినుచున్నాము: అసలు మీద ఇరువది శాతము వేసి, అమ్మునప్పుడు ఇరువది శాతము తగ్గించినచో సరికి సరి అగునని. కాదు. 1,000 రూపాయల సరుకునకు ఇరువది శాతము కలిపిన 1,200. అందులో ఇరువది శాతము 240. చేతికి వచ్చునది 960. నలుబది రూపాయలు చేతినుండి పెట్టి పంపినారు. ధరలో నూటికి పదునైదు మిగలవలెనన్నచో అసలును 0.85 చేత భాగింపవలెను. 1,700 కు అప్పుడు 2,000 వచ్చును. అసలు మీద పదునైదు శాతము కూడినచో 1,955 మాత్రమే.

ఇది గణితము, ఒక దినములో నేర్చుకొనవచ్చును. కష్టమైన సంగతి ఆ 180 రూపాయలది.

చాల ఇండ్లలో ఆ పని ఇంటి ఆడవారు చేయుదురు. వంట ముగించి కండెలు చుట్టుదురు, తెల్లవారక ముందే పడుగుతో వీధిలో నిలుతురు, పిల్లలు బడినుండి వచ్చి చేయి వేయుదురు. ఇంటి పనియే కదా అని దానికి లెక్కలో అంకె ఉండదు. 2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణనలో 35 లక్షలకు పైగా చేనేత పనివారు నమోదైనారు. వారిలో 8 లక్షలకు పైగా నేతకు అనుబంధమైన పనులు చేయువారే. మొత్తములో స్త్రీలే ఎక్కువ. ఇంతమంది పని ధరపత్రములో ఒక వరుసగానైన లేకపోయినచో ఏమగునో పై లెక్కలోనే చూడుడు. 180 వదలి కట్టినచో అసలు 1,520 గా కనబడును. కొనువాడు నూటికి ఇరువది అడిగి 1,600 కు పట్టుకొనిపోవును. సంఘము పుస్తకములో 80 రూపాయలు మిగులు వ్రాసికొని అందరు సంతోషింతురు. ఇంట్లో 180 రూపాయల పని ఉచితముగా పోయినది. ముదరా ఇచ్చినది సంఘమని పేరు. దానిని మోసినది కండెలు చుట్టిన ఆమె.

మేము చెప్పదలచినది ఇదే. ముదరా ఏ వాటానుండి పోవునో ముందుగా వ్రాసి ఉంచని చోట అది ఎదిరి మాటలాడలేనివారి వాటానుండి పోవును. నూలు వర్తకుడు తగ్గించడు, జరీ వర్తకుడు తగ్గించడు, కరెంటు బిల్లు తగ్గదు. మిగిలినవి మజూరీ, ఇంటి పని.

ఈ చిక్కునకు ఆ సాఫ్ట్‌వేర్లలో ఉన్న ఉపాయము చాల మామూలుది. ప్రతి సరుకునకు దిగరాని హద్దు ఒకటి వ్రాసి ఉంచుదురు. గుమాస్తా ఐదు శాతమువరకు తానే తగ్గింపవచ్చును అనుకొనుడు. అంతకు మించి అడిగినచో పత్రము తయారు కాదు, పైవాని అనుమతికి పోవును. ఆయన ఒప్పినగాని కొనువాని చేతికి కాగితము రాదు. అనుమతి ఎవరు ఇచ్చినారు, ఎప్పుడు ఇచ్చినారు అన్నది నమోదై ఉండును. గుమాస్తాకు కూడ ఇందులో మేలు ఉన్నది. "నా చేతిలో లేదండి" అని అతడు నిజముగా చెప్పగలడు. మన కుర్రవాండ్రకు ఆ మాట చెప్పు ఆధారము లేక, ఎదుట నిలిచిన పెద్దమనిషి మొగము చూచి, అంకె దించుచున్నారు.

ఒక ఊరి సంఘమున, పేరు అక్కరలేదు, కార్యదర్శియు అధ్యక్షుడును కలిసి సంతకము చేసినగాని ఆరు శాతము మించి ముదరా ఇయ్యరాదని తీర్మానము చేసుకొన్నారు. మొదటి నెలలో ఇరువురు కొనువారు అలిగి పోయినారట. ఒకరు తిరిగి వచ్చినారు, రెండవవారు రాలేదు. సంఘము దానిని తట్టుకొన్నది. అందరును తట్టుకొనలేరని మాకు తెలియును, పండుగకు ముందు గిడ్డంగిలో సరుకు పేరుకొన్నప్పుడు హద్దును పట్టుకొని కూర్చుండుట సులభము కాదు. అట్టి సమయమున హద్దు దిగవలసినదే. కాని దిగుచున్నామని తెలిసి, ఎంత దిగినామో వ్రాసి, ఆ నష్టమును సంఘము మిగులునుండి భరించి దిగవలెను. మజూరీ పట్టీని ముట్టుకొనరాదు.

పత్రము మీద తేదీ

మూడవ మెట్టు పత్రము. కంపెనీవారి పత్రములలో చిన్న అక్షరములతో ఒక తేదీ ఉండును: ఈ ధర ఫలానా దినమువరకే చెల్లును. మనవారు దీనిని బొత్తిగా పట్టించుకొనరు. మూడు నెలల క్రిందట వాట్సాప్‌లో పంపిన అంకెను కొనువాడు ఫోనులో చూపించి, "మీరే కదా చెప్పినారు" అనును. ఈ లోపల నూలు, జరీ పెరిగి ఉండును. పై లెక్కలో వానికి అయిన 720 రూపాయల మీద నూటికి పది పెరిగినది అనుకొందము. 72 రూపాయలు. దానికి తోడు పది శాతము ముదరా కూడ ఇచ్చి ఉన్నచో, అసలు 1,772, చేతికి వచ్చునది 1,800. మూడువందల మిగులు ఇరువదియెనిమిదికి వచ్చినది. మాట తప్పినామను పేరు వచ్చునని మనవారు భయపడి అదే ధరకు ఇచ్చుచున్నారు. తేదీ వ్రాసి ఉన్నచో మాట తప్పిన పని ఉండదు.

తేదీతోపాటు పన్ను కలిసినదా వేరా, రవాణా ఎవరిది, డబ్బు ఎన్ని దినములలో ఇయ్యవలెను అన్నవియు పత్రములోనే ఉండవలెను. సూక్ష్మ, చిన్న పరిశ్రమగా నమోదైనవారికి 2006 నాటి చట్టము ప్రకారము కొనువాడు డబ్బు ఇచ్చు గడువు, ఒప్పందము ఉన్నను, 45 దినములకు మించరాదు. ఈ గడువును పత్రము మీద అచ్చు వేసికొన్నచో అడుగుటకు నోరు వచ్చును.

సాఫ్ట్‌వేర్ చేయలేనిది

ఇంత చెప్పి, సంఘములన్నియు చందా కట్టి ఆ సాఫ్ట్‌వేర్లు తెచ్చుకొనవలెనని మేము చెప్పుట లేదు. ఆ చందాలు మనబోటి సంఘములకు తూగవు. మరియు అందులోనికి తప్పు అంకె పోసినచో తప్పు ధరయే వచ్చును. చక్కగా అచ్చై వచ్చును గనుక అందరు నమ్ముదురు, అది మరింత చేటు. ఆసుకూలిని సున్నగా వ్రాసినచో ఏ కంప్యూటరును "ఇది న్యాయమా?" అని అడుగదు. నేతగానికి ఎంత ఇయ్యవలెను అన్నది సంఘము సర్వసభ్య సమావేశములో తేల్చవలసినది. ఆ పనిని యంత్రమునకు అప్పగింపరాదు.

ఇంకొకటి. స్టీల్‌బ్రిక్ సరుకు సేల్స్‌ఫోర్స్ చేతికి పోయి పేరు మారినది. 2025లో సేల్స్‌ఫోర్స్ వారు దానిని కొత్తవారికి అమ్ముట మాని వేరొక సరుకు వైపు మళ్ళించుచున్నారు. వానిని నమ్ముకొని తమ నియమములన్నియు అందులోనే పెట్టుకొన్న కంపెనీలు మరల మార్చుకొను పని ఇప్పుడు చూచుకొనవలెను. వారికి డబ్బున్నది. మన ధర నియమములు మన పుస్తకములో, మన భాషలో, ఉండవలెననుటకు ఇది చాలును.

కావలసినది ఒక గీతల పుస్తకము. చదువుకొన్న పిల్లలున్నచో గూగుల్ షీట్స్‌లో వేసి ఫోనులోనే చూచుకొనవచ్చును, దానికి ఖర్చు లేదు. రకమునకు ఒక పుట. పైన నూలు నంబరు, పన్నె, పోగులు, పేక. క్రింద తూకము. దాని క్రింద ఖర్చు వరుసలు, నూలు, రంగు, జరీ, తరుగు, ఆసు, సరి, కండెలు, అతుకు, నేత, సంఘము ఖర్చు. ఒక్కొక వరుస ఎదుట ఆ అంకెను చివర సరిచూచిన తేదీ. ఇంటి ఆడవారి పనికి గడియారము పెట్టి చూడవలెను, ఒక పడుగుకు కండెలు చుట్టుటకు ఎన్ని గంటలు పట్టినవో వారము దినములు వ్రాసిన తెలిసిపోవును. వారినే అడిగి వ్రాయుట మేలు, మగవారు చెప్పు గంటలు ఎప్పుడును తక్కువ. పుట చివర రెండు అంకెలు, అమ్మకపు ధర, దిగరాని ధర. రెండవదానిని కొనువానికి చూపరాదని వేరుగా చెప్పనక్కరలేదు గాని, కొన్ని చోట్ల గోడకు అంటించిన పట్టీలో అదియు ఉన్నట్లు విన్నాము.

ఎక్స్‌కాన్ వారికి వచ్చిన తంటా మనకును రాకుండ, రకములన్నిటికి ఒకేసారి పూనుకొనవలదు. ఎక్కువగా పోవు నాలుగైదు రకములతో మొదలుపెట్టి, నూలు బేరము మారినప్పుడెల్ల ఆ వరుసను మాత్రము దిద్దుకొనవలెను. దిద్దు బాధ్యత ఒకరిదని పేరు వ్రాసి ఉంచవలెను. అందరిదీ అన్నచో ఎవరును దిద్దరు.

పట్టుచీరెకు తూకపు లెక్క వేరు, అక్కడ నంబరు బదులు డెనియరు వచ్చును, జరీ తూకము మార్కులలో కట్టవలెను, తరుగు కూడ ఎక్కువ. ఆ పుటను తయారుచేసుకొన్న సంఘములు ఒక నకలు మన కార్యాలయమునకు పంపినచో, పేర్లు లేకుండ, తరువాతి పాఠములో ఉదాహరణగా ఇత్తుము.